సైకిలు ఎక్కేవారికి చలువ కళ్ళజోడు



"సైకిలు తొక్కేవానికి చలువ కళ్ళజోడు ఎందుకండీ? అది షోకు గాని అవసరమా?" అని మన ఇళ్ళలో పెద్దలు అడుగుతూ ఉంటారు. మేము కూడ చాలాకాలము అలాగే అనుకున్నాము. మా ఇంట జరిగిన ఒక సంగతి మా తలంపును మార్చినది. అది చెప్పుకొనుటకు మాకు కొంచెము సిగ్గుగానే ఉన్నది. ఎందుకనగా అందులో మా తప్పు కూడ ఉన్నది. అయినా మీలో ఒక్కరి కన్నయినా కాపాడబడితే చాలునని ఈ నెల ఈ పేజీలో దానినే వ్రాస్తున్నాము.

మా తమ్ముడు పాలు పోస్తాడు. తెల్లవారుజామున ఒకసారి, సాయంత్రము ఒకసారి, హ్యాండిలుకు చెరొక ప్రక్కన క్యాను తగిలించుకొని ఆరు కిలోమీటర్లు సైకిలు మీద పోయి వస్తాడు. ఎండకు కళ్ళు మండుతున్నాయని ఒకసారి పట్నములో బస్టాండు దగ్గర నల్లని కళ్ళజోడు ఒకటి కొనుక్కున్నాడు. నాలుగు రోజులు పెట్టుకున్నాడు. తరువాత మానుకున్నాడు. ఎందుకు మానావని అడిగితే, "చెవుల వెనక ఒరుసుకుపోయి పుండు పడుతోంది అన్నయ్యా. చెమట పడితే ముక్కు మీదినుంచి జారిపోతోంది. రెండు చేతులూ హ్యాండిలు మీద ఉంటే దాన్ని ఎవరు ఎగదోస్తారు?" అన్నాడు. మేము నవ్వి ఊరుకున్నాము.

అది వరి నూర్పిళ్ళ కాలము. ఒక సాయంత్రము రోడ్డు ప్రక్కన కళ్ళములో మిషను ఆడుతున్నది. గాలి ఇటు వీస్తున్నది. తమ్ముడు ఆ దుమ్ములోగుండా రాగా ఏదో కంటిలో పడినది. ఇంటికి వచ్చేసరికి కన్ను ఎఱ్ఱబడి నీరు కారుతున్నది. మేము రెప్ప తీసి చూశాము, ఏమీ కనబడలేదు. "రేపటికి తగ్గుతుందిలే" అన్నాము. మరునాడు ఇంట్లో పెద్దవారు ఆకు పసరు పోయమంటే వద్దనలేదు. అంతటితో ఆగక, బీరువాలో ఎప్పటిదో కంటి చుక్కల సీసా ఉంటే అవి కూడ మా చేతులతోనే వేశాము. నాల్గవ రోజున నల్లగుడ్డు మీద తెల్లని మచ్చ కనబడినది. అప్పుడు గాని ఆసుపత్రికి తీసుకొనిపోలేదు.

వడ్లపొట్టు గీచిన చోట ఫంగసు, అనగా బూజువంటి క్రిమి, చేరి పుండు పడినదని డాక్టరుగారు చెప్పారు. గంటగంటకు చుక్కల మందు వేస్తూ రెండు నెలలకు పైగా వైద్యము చేయించాము. కన్ను నిలిచినది గాని పువ్వు మిగిలిపోయినది. ఇప్పుడు ఆ కంటితో ఎదుట మనిషి ఉన్నాడని తెలుస్తుంది, ఎవరో మాత్రము తెలియదు. మొదటి రోజున డాక్టరుగారు, "కళ్ళకు ఏ అడ్డమూ లేకుండా ఆ దుమ్ములో ఎలా వచ్చావయ్యా?" అని అడిగితే, తమ్ముడు చొక్కా జేబులోనుండి ఆ నల్ల కళ్ళజోడు తీసి చూపించాడు. "ఉన్నది సార్. జేబులో ఉన్నది" అన్నాడు.

ఆ మాట మేము మరచిపోలేకపోతున్నాము. కళ్ళజోడు లేక కాదు కన్ను పోయినది. ఉన్నది హాయిగా లేక పోయినది. సైకిలు ఎక్కేవారు కళ్ళజోడును ఎంచుకొనునప్పుడు సుఖముగా ఉన్నదా లేదా అని చూచుకొనుట సోకు కాదు, అదే మొదటి అవసరము. నొప్పి పెట్టే కళ్ళజోడు రెండు రోజులలో జేబులోనికి పోతుంది. జేబులో ఉన్నది ఎంత మంచిదైనా కంటిని కాయలేదు.

సైకిలు మీద వెళ్ళేవారి కంటికి రెండు విధముల హాని ఉన్నది. ఒకటి ఎండ, రెండవది గాలిలో వచ్చే దుమ్ము, పొట్టు, పురుగులు.

ఎండలో మనకు కనబడే వెలుగే గాక, కంటికి కనబడని అతినీలలోహిత కిరణాలు కూడ ఉన్నవి. ఇవి ఏండ్ల తరబడి కంటిమీద పడుతూ ఉంటే శుక్లములు త్వరగా రావచ్చును. తెల్లగుడ్డు మీద మొదలై నల్లగుడ్డు మీదికి ప్రాకే కండ కూడ పెరుగవచ్చును. ఈ కండను డాక్టర్లు టెరీజియమ్ అంటారు. ఎల్.వి. ప్రసాద్ నేత్ర వైద్య సంస్థవారు 1996 నుండి 2000 వరకు ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో హైదరాబాదుతో పాటు పశ్చిమ గోదావరి, ఆదిలాబాదు, మహబూబునగరు జిల్లాలలో మొత్తము 10,293 మందిని పరీక్షించారు. ఈ కండ పెరుగుట పల్లెలలో ఉండేవారిలోను, ఆరుబయట పని చేసేవారిలోను ఎక్కువగా ఉన్నదని ఆ పరిశీలనలో తేలినది. అంటే ఇది మన ఇళ్ళవారి సంగతే.

ఉదయము పది గంటల నుండి సాయంత్రము నాలుగు గంటల వరకు ఈ కిరణాలు ఎక్కువగా ఉంటవి. మబ్బు పట్టినంత మాత్రాన అవి ఆగిపోవు. పైనుండే గాక క్రిందినుండి కూడ వస్తవి. పొడి ఇసుక తనమీద పడిన అతినీలలోహిత కిరణాలలో సుమారు 15 శాతము తిరిగి పైకి కొడుతుంది. సముద్రతీరపు దారులలో సైకిలు మీద పోయేవారు ఇది గుర్తుంచుకోవాలి.

ఇక్కడ మనలో చాలామంది పొరబడే విషయము ఒకటి ఉన్నది. అద్దము ఎంత నల్లగా ఉంటే కంటికి అంత మంచిదని అనుకుంటాము. అది నిజము కాదు. నలుపు వెలుగును మాత్రమే తగ్గిస్తుంది. అతినీలలోహిత కిరణాలను ఆపేది రంగు కాదు, అద్దము చేసిన పదార్థమో, దానిలో కలిపిన లేక పైన పూసిన మందో. ఆ గుణము లేని నల్ల అద్దము పెట్టుకుంటే కీడు కూడ జరుగవచ్చును. చీకటిలో కంటిపాప పెద్దదవుతుంది గదా! నల్లద్దము వెనుక కూడ అంతే. అట్లు తెరచుకొన్న కంటిపాపలోగుండా కనబడని కిరణాలు మరింత లోపలికి పోతవి.

కాబట్టి కొనేటప్పుడు మొదట 'యూవీ 400' అన్న గుర్తు ఉన్నదేమో చూడండి. 400 నానోమీటర్ల వరకు గల అతినీలలోహిత కిరణాలను అది ఆపుతుందని దాని అర్థము. అయితే చీటీ అంటించుట ఎవరికైనా సులువే. చాలా కళ్ళజోళ్ళ దుకాణాలలో ఈ కిరణాలను కొలిచే చిన్న మీటరు ఉంటుంది. "ఒకసారి పెట్టి చూపించండి" అని మర్యాదగా అడగండి. అడుగుటలో తప్పు లేదు. ధర ఎక్కువైనంత మాత్రాన రక్షణ ఎక్కువ అని గాని, తక్కువైతే రక్షణ లేదని గాని చెప్పలేము.

నలుపు ఎంత ఉండవలెను? వచ్చే వెలుగును బట్టి చలువ అద్దాలను 0 నుండి 4 వరకు తరగతులుగా విభజించారు. 2వ తరగతి అద్దము నూటికి 18 నుండి 43 వంతుల వెలుగును లోపలికి రానిస్తుంది. 3వది 8 నుండి 18 వంతులు మాత్రమే రానిస్తుంది. మన ఎండలకు ఈ రెండింటిలో ఏదైనా సరిపోతుంది. చెట్లనీడ, ఎండ మారిమారి వచ్చే దారి అయితే 2వది మేలు. మరీ నల్లని 4వ తరగతి అద్దము పెట్టుకొని రోడ్డు మీద బండి నడుపకూడదు. దానితో నీడలోనికి రాగానే గుంట కనబడదు.

రంగు విషయములో బూడిద రంగు అద్దము వస్తువుల రంగులను ఉన్నవి ఉన్నట్లు చూపిస్తుంది. గోధుమ రంగు అద్దములో రోడ్డు మీది ఎత్తుపల్లాలు కొంచెము స్పష్టముగా తెలుస్తవి. ముదురు నీలము, ఎఱుపు వంటివి చూడ ముచ్చటగా ఉన్నా సిగ్నలు దీపాల రంగులను మార్చి చూపవచ్చును గనుక వద్దు. పోలరైజ్డ్ అద్దాలు తడిరోడ్డు మీదినుండి, నీటిమీదినుండి వచ్చే తళుకును చంపుతవి. కంటికి అవి చాలా హాయి. కాని రోడ్డు తడిగా జారుడుగా ఉన్నదని మనకు తెలిపేది కూడ ఆ తళుకే. కాబట్టి వానకాలములో అవి పెట్టుకొన్నవారు నెమ్మదిగా పోవలెను.

అద్దము దేనితో చేసినదో కూడ అడగండి. సైకిలు మీద పడిపోవుట అందరికీ ఉన్నదే. గాజు అద్దము పగిలితే ముక్కలు కంటిలోనే దిగుతవి. పాలీకార్బొనేట్ అనే గట్టి ప్లాస్టిక్కు సులువుగా పగలదు, తేలికగా ఉంటుంది. కర్మాగారాలలో పనివారికిచ్చే కళ్ళజోళ్ళు దీనితోనే చేస్తారు. ఇంకొక మేలు ఏమిటంటే, దీనికి ఏ రంగూ లేకపోయినా అతినీలలోహిత కిరణాలను దాదాపు అన్నిటిని ఆపుతుంది. అంటే, తెల్లని అద్దము కూడ ఎండ కీడునుండి కంటిని కాయగలదు. డబ్బుకు ఇబ్బందిపడే కుటుంబాలవారు హార్డువేరు దుకాణములో దొరికే తెల్లని పాలీకార్బొనేట్ రక్షణ కళ్ళజోడు కొనుక్కోవచ్చును. దానిమీద 'జడ్ 87' అని గాని 'ఈఎన్ 166' అని గాని ముద్ర ఉంటే దెబ్బకు తట్టుకొనే రకమని గుర్తు. తెల్లవారుజామున పాలు, పేపర్లు వేసేవారికి, ప్రొద్దుగూకినాక ఇల్లు చేరేవారికి ఇదే తగినది. చీకటిలో నల్లద్దము ఎంతమాత్రము పనికిరాదు. రాత్రికి మంచిదని అమ్మే పసుపు అద్దము కూడ వెలుగును తగ్గించేదే.

ఇక అన్నిటికంటె ముఖ్యమైనది, ముఖము మీద హాయిగా కూర్చొనుట. దుకాణములో అద్దములో చూచుకొని, బాగున్నదని డబ్బులిచ్చి రావద్దు. కనీసము పది నిమిషాలు పెట్టుకొని ఉండండి. ఆ లోపల ఈ క్రింది విధముగా చూచుకొనండి.

సైకిలు మీద కూర్చొన్నట్లు ముందుకు వంగండి. అప్పుడు తల ఎత్తకుండ కళ్ళు మాత్రమే పైకెత్తి ఎదురుగా చూడండి. ఫ్రేము పైఅంచు చూపుకు అడ్డము వస్తే ఆ కళ్ళజోడు సైకిలుకు పనికిరాదు. నిలబడి చూచినప్పుడు ఈ లోపము తెలియదు.

తలను కుడి భుజము మీదుగా వెనుకకు త్రిప్పి చూడండి. ప్రక్క కాడలు మరీ వెడల్పుగా ఉంటే వెనుక వచ్చే లారీ కనబడదు.

తల వంచి రెండుమూడు సార్లు విదిలించండి. జారకూడదు. ముక్కు మీద ఆనే చోట రబ్బరు మెత్తలు ఉంటే చెమటలో కూడ నిలుస్తుంది. వాటిని కొంచెము దగ్గరకు, దూరానికి వంచుకొనే వీలుంటే మరీ మంచిది. ఎందుకనగా అందరి ముక్కులు ఒక్కటి కావు.

గట్టిగా నవ్వండి. నవ్వితే బుగ్గలు ఫ్రేమును పైకి ఎత్తుతున్నవంటే అది మీ ముఖానికి పెద్దది. రెప్పలు టపటప కొట్టండి. రెప్పవెంట్రుకలు అద్దానికి తగిలితే గంటసేపటికి విసుగు పుడుతుంది.

చెవుల వెనుక, కణతల దగ్గర వ్రేలు పెట్టి చూడండి. పది నిమిషాలకే అక్కడ నొక్కినట్లున్నదంటే ఆరు కిలోమీటర్లలో పుండు పడుతుంది. కాడ మెత్తగా, తిన్నగా తలను పట్టుకొని ఉండాలి గాని కొక్కెము వలె చెవిని లాగకూడదు. బిగువు కొంచెమే తేడా ఉంటే దుకాణమువారు కాడను వేడిచేసి వంచి ఇస్తారు. అడిగి చేయించుకొనండి. మా తమ్ముడు ఆ ఒక్కమాట అడిగి ఉంటే ఎంత బాగుండేది!

అద్దానికి, ముఖానికి మధ్య ప్రక్కలనుండి ఎంత సందు ఉన్నదో చూడండి. కణతల వరకు వంపు తిరిగిన కళ్ళజోడు ప్రక్కగాలిని, దుమ్మును, ప్రక్క ఎండను ఆపుతుంది. అయితే సందు లేకుండ పూర్తిగా మూసుకొన్నా ఇబ్బందే. లోపల చెమట ఆవిరి పట్టి అద్దము మసకబారుతుంది. పైన గాని ప్రక్కన గాని గాలి ఆడే చిన్న సందులు ఉండాలి.

మీరు తలకు ఏమి పెట్టుకొని సైకిలు ఎక్కుతారో అది పెట్టుకొనే చూచుకొనండి. తువ్వాలు చుట్టుకొనేవారు తువ్వాలుతోను, హెల్మెట్టు పెట్టుకొనేవారు హెల్మెట్టుతోను చూడాలి. మన ఆడపిల్లలు ముఖానికి చున్నీ చుట్టుకొని కాలేజీకి పోతూ ఉంటారు. చున్నీ ముక్కు మీదికి వస్తే ఊపిరి పైకి తన్ని అద్దము మసకబారుతుంది. చున్నీని ముక్కు క్రిందుగా చుట్టి, కాడలను చున్నీ పైనుండి పెట్టుకుంటే తేలిక. అంచు వెడల్పుగా ఉన్న టోపీ కూడ మంచి తోడు. పైనుండి వచ్చే ఎండను అది చాలావరకు తగ్గిస్తుంది.

చూపుకు కళ్ళజోడు వాడేవారి మాట ఏమిటి? తెలంగాణలో 2018లోను, ఆంధ్రప్రదేశ్‌లో 2019లోను మొదలైన కంటి వెలుగు పరీక్షల తరువాత మన పల్లెలలో చాలామందికి కళ్ళజోళ్ళు వచ్చినవి. దూరపు చూపుకు కళ్ళజోడు ఉన్నవారు దానిని తీసివేసి నల్లద్దాలు పెట్టుకొని సైకిలు ఎక్కకూడదు. ఎదుట వచ్చేది కనబడకపోతే నీడ ఉండి ఏమి లాభము? పవరుతోనే చలువ అద్దాలు చేయించుకోవచ్చును. లేదా ఉన్న కళ్ళజోడుకు తగిలించుకొనే రంగు అద్దాలు, దానిపైనే పెట్టుకొనే పెద్ద కళ్ళజోళ్ళు దొరుకుతవి. ఎండకు తమంతట తామే నల్లబడే అద్దాలు కూడ ఉన్నవి. అవి బాగా వేడిగా ఉన్న రోజులలో అంతగా నల్లబడవనియు, నీడలోనికి వచ్చాక తిరిగి తెల్లబడుటకు కొన్ని నిమిషాలు పడుతుందనియు తెలిసి కొనండి. దగ్గరి చూపుకు, అనగా చదువుకొనుటకు ఇచ్చిన అద్దాలు పెట్టుకొని మాత్రము సైకిలు తొక్కవద్దు. దూరము మసకగా కనబడుతుంది.

పిల్లల విషయము ప్రత్యేకముగా చెప్పవలెను. వారి కంటి లోపలి కటకము పెద్దవారికంటె తేటగా ఉంటుంది. కాబట్టి కీడు చేసే కిరణాలు వారి కంటి లోపలికి ఎక్కువగా పోతవి. అయితే పిల్లలకు మనము కొనిపెట్టేవి సాధారణముగా ఆటవస్తువులు అమ్మేచోట దొరికే రంగుల అద్దాలు. అవి కొనుటకంటె మంచి టోపీ ఒకటి కొనిపెట్టుట మేలు. సైకిలు మీద దూరపు బడికి పోయే పిల్లలకైతే పైన చెప్పిన తెల్లని పాలీకార్బొనేట్ కళ్ళజోడు, పిల్లల కొలతలో ఉన్నది, కొనండి.

కొన్న దానిని కాపాడుకొనుట కూడ నేర్చుకోవాలి. దుమ్ము పట్టిన అద్దాన్ని చొక్కా కొంగుతో పొడిగా తుడవద్దు, గీతలు పడతవి. మొదట నీళ్ళతో కడిగి, తరువాత మెత్తని నూలుబట్టతో అద్దండి. గీతలు పడిన అద్దములోగుండా ఎదుటి ఎండ పడితే దారి తెల్లగా అయిపోతుంది. అద్దాలు క్రింది వైపుకు పెట్టి బల్లమీద ఉంచవద్దు. మెడకు వేసుకొనే తాడు ఒకటి కట్టుకుంటే, తీసినప్పుడు జేబులోనికి పోక ఎదురురొమ్ము మీదనే ఉంటుంది. మరల పెట్టుకొనుట కూడ జ్ఞాపకము వస్తుంది.

ఇంత జాగ్రత్తగా ఉన్నా ఒకనాడు కంటిలో ఏదైనా పడవచ్చును. అప్పుడు నలపకండి. శుభ్రమైన నీటితో ధారగా కడగండి. గుచ్చుకొన్నది ఏదైనా ఉంటే మీరు పీకవద్దు. ఆకు పసరు, ఆముదము, తల్లిపాలు ఏవీ పోయవద్దు. ఇంట్లో మిగిలిన చుక్కల మందు వేయవద్దు. వాటిలో స్టెరాయిడు ఉన్నదైతే ఫంగసు పుండు మరింత పెరుగుతుంది. నొప్పి, ఎఱుపు, నీరు కారుట, వెలుగు చూడలేకపోవుట, చూపు మసకబారుట, వీటిలో ఏది ఉన్నా ఆ రోజే, తప్పితే మరునాడే, కంటి డాక్టరు దగ్గరకు వెళ్ళండి. "రేపటికి తగ్గుతుందిలే" అన్న మాట మాత్రము అనవద్దు. ఆ మాట మేము మూడు రోజులు అన్నాము.

మా తమ్ముడు ఇప్పుడు కూడ పాలు పోస్తున్నాడు. తెల్లవారుజామున తెల్లద్దాలు, సాయంత్రము ఎండ ఉన్నంతవరకు గోధుమ రంగు అద్దాలు. రెండింటి కాడలు అతని చెవులకు సరిపోయేటట్లు దగ్గర నిలబడి మేమే వంచి ఇప్పించాము. మొన్న అతని కొడుకు సైకిలు నేర్చుకుంటూ ఉంటే, మొదటి రోజుననే ఒక కళ్ళజోడు పెట్టి, "ఎక్కడైనా నొక్కుతున్నదేమో చెప్పరా" అని అడుగుతున్నాడు. పిల్లవాడు "చెవి దగ్గర కొంచెము, నాన్నా" అన్నాడు. అతడు సైకిలు స్టాండు వేసి, మరల దుకాణానికి బయలుదేరాడు.

మీ ఇంట సైకిలు ఎక్కేవారు ఎవరున్నారో ఈ సాయంత్రము వారిని పిలిచి అడగండి. కళ్ళజోడు ఉన్నదా అని మాత్రమే కాదు, అది పెట్టుకొనుటకు హాయిగా ఉన్నదా అని కూడ అడగండి.